మూడు గాడుల దీపం

అనగా అనగా ఒక సముద్రం. ఆ సముద్రాన్ని ఆనుకుని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రేవుపట్టణం శంఖుతీరం. అక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రాళ్ళగుట్ట మీద, ఒక దీపపు మేడ ఉండేది.

మేడ పైగదిలో మనిషెత్తు దీపం. దీపానికి ఎదురుగా సముద్రం వైపు పెద్ద కిటికీ. ఆ రెంటి నడుమ, ఒకదాని వెనక ఒకటి, మూడు గాడులు. ఒక్కో గాడిలో ఒక్కో అభ్రకపు రేకును నిలబెట్టవచ్చు. అభ్రకమంటే తెలుసుగా? పిల్లలు కాకిబంగారమని ఏరుకుని దాచుకునేది. దాన్ని పలచగా చీల్చి, చట్రంలో బిగించి, మీద రంగులతో గుర్తులు గీసేవారు. వెనక దీపం వెలిగితే మూడు రేకుల గుర్తులూ కలిసి ఒకే బొమ్మగా సముద్రం మీది వాళ్ళకు కనిపించేవి.

గాడులు మూడే ఎందుకు? నాలుగో రేకు అడ్డం పెడితే వెలుగు చచ్చిపోతుంది. ఎంత పలచనిదైనా రేకు రేకే. తన వంతు వెలుగు తాను తినక మానదు.

మేడను కాచేవాడు పైడన్న. ఒకప్పుడు జాలరే. తెడ్డు పట్టే భుజం విరిగాక రాజుగారు ఈ పని ఇచ్చారు. దీపానికి నూనె పొయ్యడం, వత్తి ఎగదోయడం, వచ్చినవారి రేకును గాడిలో దించడం, పని తీరాక తీసి ఇవ్వడం, ఇదే అతని బతుకు.

గాడికొక రాగి కడియం గోడకు వేలాడేది. రేకు తెచ్చినవాడు కడియం పుచ్చుకునేవాడు. పని అయిపోగానే కడియం కొయ్యకు తగిలించి, తన రేకు తాను తీసుకుపోయేవాడు. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఒకడు తొందరపడి ఇంకొకడి రేకును మధ్యలో లాగేస్తే ఓడ ఒకటి దారి తప్పింది. అప్పటి రాజు ఆజ్ఞ వేశాడు: "కడియం ఎవరి చేతిలో ఉంటే గాడి వారిది. కడియం లేకుండా గాడి తాకిన చెయ్యి తీయించబడుతుంది."

మంచి ఆజ్ఞే. మంచి మనుషులున్నంతకాలం బాగానే నడిచింది.

తరవాత వచ్చారు మన మహానుభావులు.

మొదటివాడు సుంకాల అధికారి మల్లప. ఓడ కనబడినప్పుడు పచ్చని త్రాసు గుర్తున్న రేకు పెట్టించాలి, ఓడ రేవు చేరగానే తీయించాలి. ఆయనకు మెట్లెక్కడం బరువైంది. "మాటిమాటికీ ఎవడెక్కుతాడోయ్! ఉండనీ దాన్నక్కడే" అని కడియం చేతికి తొడుక్కుని వెళ్ళిపోయాడు.

రెండోవాడు పట్టువస్త్రాల వర్తకుడు నాగిశెట్టి. మల్లప గాడి పట్టేశాడని విన్నాడు. రేపు తనకు అవసరమైనప్పుడు దొరకదేమోనని భయపడ్డాడు. పరుగున వచ్చి ఒక రేకు పెట్టించాడు. దాని మీద గుర్తు లేదు, రంగు లేదు. ఉత్త రేకు.

"ఇందులో ఏమీ లేదే శెట్టిగారూ?" అన్నాడు పైడన్న.

"ఇప్పుడు లేదయ్యా. రేపు ఉండొచ్చు. చోటైతే నాదిగా ఉండాలి కదా!" అన్నాడు శెట్టి కడియం తొడుక్కుంటూ.

మూడోవాడు ఆస్థానంలో రాజుగారిని పొగిడే శేషభట్టు. బంగారు రంగుతో మహీధర మహారాజుగారి బిరుదులన్నీ వరసగా రాయించిన రేకు మోయించుకొచ్చాడు. "మన ఏలికవారి కీర్తి సముద్రాలు దాటవద్దూ!" అన్నాడు. సముద్రం మీద ఉన్నవాళ్ళకు అంత చిన్న అక్షరాలు కనబడతాయా అని పైడన్నకు అనుమానం వచ్చింది. కానీ అడిగే ధైర్యం రాలేదు. భట్టు కడియం తొడుక్కుని, ఆ చేత్తోనే కాశీయాత్రకు బయలుదేరాడు. దారిలో జ్వరం తగిలి చనిపోయాడు. కడియం అతనితోనే కాటికి పోయింది.

ఇక చూడండి విడ్డూరం. ఒక గాడి బద్ధకస్తుడిది, ఒకటి పిరికివాడిది, ఒకటి చచ్చినవాడిది. కొయ్యలు మూడూ బోసిగా ఉండేవి.

మరి ఆ గాడుల అసలైన అవసరం ఎవరికి?

మొగ అంటే ఊరికే ఉండేది కాదు. ఏటికి నీళ్ళొచ్చినప్పుడల్లా అక్కడి ఇసుకమేట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరుగుతుంది. పొద్దున పడవ వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండదు. అందుకని జాలరిపేట వాళ్ళకొక రేకు ఉండేది. దాని సగం ఎర్రన, సగం తెల్లన. ఎరుపు ఏ పక్క కనిపిస్తే ఆ పక్క మేట ఉందని గుర్తు. రెండో పక్కనుంచి రావాలి. మేట పక్క మారితే రేకు తిప్పి పెడితే చాలు. పడవలన్నీ చేరాక తీసేసుకునేవారు.

ఆ రేకును చూసుకునేది గంగాయి. పైడన్న తమ్ముడు సన్యాసి భార్య. మేట జరిగిందో లేదో రోజూ గడతో గుచ్చి చూసేది ఆమే.

ఒక రోజు మధ్యాహ్నం రేకు నెత్తిన పెట్టుకుని గంగాయి మేడెక్కింది. "బావా, మేట జరిగిపోనాది. గాడి ఇయ్యి."

పైడన్న బోసి కొయ్యల వైపు చూపించాడు. "ఏటి సెయ్యను గంగా? మూడూ నిండిపోనాయి."

కాసేపు ఆలోచించి, ఆనాడు ఒక ఉపాయం చేశాడు. కొత్త రేకొకటి తీసి, దాని మీద మల్లప త్రాసునూ, గంగాయి ఎరుపునూ కలిపి తనే గీశాడు. రంగు వెయ్యాలి, ఆరాలి, మళ్ళీ వెయ్యాలి. గంగాయి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. ఆ కలిపిన రేకును మల్లప గాడిలో అతని పాత రేకు బదులు దించేసరికి పొద్దు వాలింది. సముద్రం నిమ్మళంగా ఉంది కాబట్టి పడవలు బయటే ఆగి, గుర్తు చూసుకుని లోపలికి వచ్చాయి. అందరూ బతికారు.

మర్నాడు మల్లప ఊగిపోతూ వచ్చాడు. "ఏరా, నా త్రాసును మూలకు నెట్టి చిన్నది చేస్తావా? సుంకం పరువేం కాను? ఇంకోసారి నా గాడి ముట్టుకున్నావో, చెయ్యుండదు జాగ్రత్త!"

పైడన్న త్రాసున్న పాత రేకునే మళ్ళీ ఆ గాడిలో దించాడు.

రెండోసారి మేట జరిగినప్పుడు గంగాయి ఏమీ అడగలేదు. బావను ఇరకాటంలో పెట్టడం ఎందుకని, పేట ఆడవాళ్ళతో కలిసి మేట ఉన్న పక్క ఒడ్డున గుర్తుగా ఎండుతాటాకుల మంట వేసింది. నాలుగు చినుకులు పడేసరికి మంట ఆరింది. ఒక పడవ మేటకు గుద్దుకుని ముక్కలైంది. మనుషులు ఈదుకొచ్చారు. వలలు పోయాయి. ఆ ఇంట్లో చాలాకాలం పొయ్యి సరిగా వెలగలేదు.

పైడన్నకు మనసు చివుక్కుమంది. మంత్రి దగ్గరకు వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, భట్టుగారు కాలం చేసినారు. ఆ గాడైనా ఇప్పించండి."

"కడియం తెచ్చావా?" అన్నాడు మంత్రి.

"కడియం ఆయనతోనే కాటికి పోయింది అయ్యా."

"కడియం కొయ్యకు తగిలేదాకా గాడి భట్టుదే. ఆజ్ఞ ఆజ్ఞే. వెళ్ళిరా."

చచ్చినవాడి పిడికిట్లో బతికున్నవాళ్ళ దారి ఉంది. దాన్ని విడిపించే అధికారం బతికున్నవాడు ఒక్కడికీ లేదట! ఇలాంటి తీర్పులు విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ పట్టణంలో అప్పటికింకా ఎవరూ ఏడవలేదు. ఏడ్చే రోజు దగ్గరికొచ్చింది.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడింది. గాలి తిరిగింది. ఏరు పొంగింది. పొద్దున వెళ్ళిన ఏడు పడవలు సముద్రం మీదే ఉన్నాయి. అందులో ముందుండేది సన్యాసి పడవ. వెళ్ళడంలోనూ రావడంలోనూ అతనిదే ముందు.

గంగాయి తడిసి ముద్దై మేడెక్కింది. "బావా! మేట దచ్చినానికి తిరిగిపోనాది. పొద్దున ఆళ్ళు ఎల్లింది ఆ దారే. అటే వచ్చేత్తారు బావా!"

పైడన్న గాడుల ముందు నిలబడ్డాడు. శెట్టిగారి ఉత్త రేకు దీపం వెలుగులో మెరుస్తోంది.

"తీసెయ్ బావా. అందులో ఏటీ నేదు కదా!" అంది గంగాయి.

పైడన్న చెయ్యి రేకు దాకా వెళ్ళింది. ఆజ్ఞ గుర్తొచ్చి ఆగింది. గంగాయి తనే చెయ్యి చాచింది. పైడన్న ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దమ్మా. నీ చెయ్యి తీయించేత్తారు. పిల్లల తల్లివి. అడిగి వచ్చేత్తాను. ఎంతసేపు! ఇదిగో ఇలా ఎల్లి అలా వచ్చేత్తాను. నేనొచ్చేదాకా ముట్టుకోకు. నా మీద ఒట్టు."

గంగాయి ఆగింది. ఇంటికి పెద్దవాడు ఒట్టు పెడితే ఆగక ఏం చేస్తుంది?

పైడన్న వానలో పరుగెత్తాడు. మొదట మల్లప ఇంటికి వెళ్ళాడు. మల్లప కాళ్ళకు తైలం రాయించుకుంటున్నాడు. "నాకు పనికొచ్చే గుర్తు ఉంది కదటోయ్ అందులో! ఏమీ లేని శెట్టి రేకు తీయించుకో, ఫో" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ అంటున్న మనిషి చేతి కడియం మాత్రం కదల్లేదు.

పైడన్న శెట్టి ఇంటికి పరుగెత్తాడు. శెట్టి అప్పుడే విస్తరి ముందు కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని రావడానికి కొంతసేపు పట్టింది. వచ్చి సాంతం విన్నాడు. "పాపం, పాపం" అన్నాడు. "ఇవ్వకూడదని కాదు పైడన్నా. ఒకసారి ఇస్తే అదే అలవాటవుతుంది. పని ఉన్న మల్లపగారే ఇవ్వనప్పుడు, పని లేదని నేనిస్తే నాకు గాడి అక్కర్లేదని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అదే ఇది. పైడన్న అతని కాళ్ళు పట్టుకున్నాడు. శెట్టి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

ఇక మిగిలింది శేషభట్టు ఇల్లు. ఇంట్లో భట్టుగారి భార్య సుభద్రమ్మ ఒక్కతే ఉంది. కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంటోంది. పైడన్నకు రొప్పుతో మాట సరిగా రాలేదు. ఆమెకు సగం వినగానే అర్థమైంది.

"మనిషే పోయాక ఆయన రేకెందుకు నాయనా అక్కడ? తీసెయ్. కడియం నా దగ్గర లేదు, నా మాట ఉంది. రేపెవరైనా అడిగితే నేనొచ్చి చెబుతాను. నిలబడకు, వెళ్ళు!"

అందరికంటే తక్కువ ఉన్న ఇంట్లో, అందరికంటే త్వరగా జవాబు దొరికింది. కానీ పైడన్న ఆ ఇంటికి ఆఖర్న వచ్చాడు. పెద్ద గుమ్మాలు ముందు తొక్కాలనుకోవడం మనందరికీ ఉన్న జబ్బే.

తిరిగి పరుగెత్తుతూ మేడ వైపు చూశాడు. దీపం మసిబారినట్టు కనబడింది. పైకెక్కాక తెలిసింది ఎందుకో. గంగాయి గాడులు ముట్టుకోలేదు. ఒట్టు తప్పలేదు. తన రేకును రెండు చేతులతో ఎత్తి కిటికీకి ఆనించి నిలబడింది. అది నాలుగో రేకు. దాని ఎరుపు గదిలో ఉన్న పైడన్నకే సరిగా కనబడలేదు, సముద్రం మీద ఎవరికి కనబడుతుంది!

పైడన్న బిరుదుల రేకును ఒక్క లాగు లాగి నేలకేశాడు. గంగాయి రేకును గాడిలో దించాడు. ఎరుపు సముద్రం మీదికి దూకింది.

నాలుగు పడవలు గుర్తు చూసి ఉత్తరానికి తిరిగి లోపలికొచ్చాయి. మూడు అంతకుముందే మేట మీదికి వచ్చేశాయి. వాటిలో ముందుది సన్యాసిది.

తెల్లవారి ఒడ్డున దొరికినవాళ్ళను ఒడ్డునే దహనం చేశారు. సన్యాసి దొరకలేదు. అతని తెడ్డు దొరికింది. గంగాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైడన్న ఆమె ముందుకు వెళ్ళలేక దూరంగా ఇసకలో కూలబడ్డాడు. అతనికి ఏడుపు కూడా రాలేదు. పడవ ఎక్కించి తమ్ముడికి తెడ్డు పట్టడం నేర్పింది తనే.

మూడో రోజున రాజభటులు వచ్చి పైడన్నను సభకు తీసుకుపోయారు.

మంత్రి నేరం చదివాడు. "కడియం లేకుండా గాడి తాకాడు. అదీ ఏలినవారి బిరుదుల రేకు. తీసి నేలకేశాడు."

మహీధర మహారాజు ముఖం ముడుచుకున్నాడు. "ఏమంటావు?"

"ఏమీ అనను ప్రభూ. తీయించండి. ఈ చెయ్యి నాకూ పనికిరానిదే" అన్నాడు పైడన్న.

సుభద్రమ్మ లేచింది. "తీయమన్నది నేను మహారాజా. శిక్ష ఉంటే నాకు సగం."

మల్లప, శెట్టి వేరువేరుగా ఒకే మాట అన్నారు: "ఆజ్ఞ ప్రకారం కడియం మా చేతిలో ఉంది. మా తప్పేముంది ప్రభూ?"

అప్పటిదాకా స్తంభం వెనక నిలబడ్డ గంగాయి ముందుకొచ్చింది. సభ అంతా ఆమె తన బావ కోసం బతిమాలుతుందనుకుంది.

"మా బావ తప్పు చేసినాడు మారాజా. రేకు తీయడం తప్పు కాదు. ఆలస్యంగా తీసినాడు. అది తప్పు. ఆ తప్పుకి నా పెనిమిటి పోనాడు. మరి ఆలస్యం చేయించింది ఎవుళ్ళు? అది మీరే చూడాల. ఇక్కడ కూకుని కాదు. నా పడవెక్కి చూడండి."

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. గొప్ప రాజేమీ కాదు, పొగడ్తలంటే చెవి కోసుకునేవాడు. కానీ ఆ తల్లి ఒళ్ళో తెడ్డు సంగతి ఆయనా విన్నాడు.

ఆ సందెవేళ గంగాయి తెడ్డు వేసింది. రాజు, మల్లప, శెట్టి పడవలో కూర్చున్నారు. మొగ దాటి వెళ్ళాక పడవ ఆపింది. ఆనాటిలాగే మూడు గాడుల్లో మూడు రేకులు, కిటికీకి నాలుగోది. అలా పెట్టమని పైడన్నకు ఆజ్ఞ అయింది.

"నా బిరుదులెక్కడ?" అన్నాడు రాజు.

"అదిగో ఆ మసకే ప్రభూ" అంది గంగాయి.

రాజు ఇద్దరి వైపు తిరిగాడు. "మేట ఏ పక్కనుందో చెప్పండి. మీరు చెప్పిన దారినే పడవ పోతుంది."

మల్లప కుడి అన్నాడు. శెట్టి ఎడమ అన్నాడు. వెంటనే ఇద్దరూ మాట మార్చుకున్నారు. పడవ అంచును గట్టిగా పట్టుకున్నారు. గంగాయి తెడ్డు వెయ్యబోయేసరికి "వద్దు, వద్దు!" అని ఏకమై అరిచారు.

ముందే అనుకున్నట్టు గంగాయి చెయ్యెత్తి ఊపింది. మేడలో పైడన్న బిరుదుల రేకు తీశాడు. మసక కొంచెం విడింది. తరవాత శెట్టిగారి ఉత్త రేకునూ తీశాడు. త్రాసు కనబడింది, దాని పక్కన ఎరుపు తేటపడింది. గంగాయి రేకు గాడిలో కూర్చునేసరికి మేట ఏ పక్కో పసిపిల్లకైనా తెలిసేంత స్పష్టంగా వెలిగింది.

"శెట్టీ, నీ రేకులో ఏముంది?" అన్నాడు రాజు.

"ఏమీ లేదు ప్రభూ" అన్నాడు శెట్టి గొణుగుతూ.

"ఏమీ లేనిది మూడు పడవలను ముంచింది. ఇక నా దాంట్లో ఉన్నది అంతకంటే హీనం. అందులో నేనున్నాను."

మర్నాడు కొత్త ఆజ్ఞ వెలువడింది. కడియాలు ఇక మేడ దాటవు. గాడి ఎవరి సొత్తూ కాదు. పని ఉన్నవాడికి పని ఉన్నంతసేపే. ప్రాణం మీదికొచ్చిన పని ముందు, తక్కినవన్నీ వెనక. ఉత్త రేకు పెట్టకూడదు. రేకు పెట్టినవాడు ఊరు విడిచినా, లోకం విడిచినా గాడి దానంతటదే మేడకు తిరిగొస్తుంది. అందరికీ ఒకేసారి పని పడితే, పైడన్న గుర్తులను కలిపి ఒకే రేకు మీద గీస్తాడు. అందువల్ల త్రాసు చిన్నదైతే చిన్నదవుతుంది. పరువు పోదు.

మల్లప కొలువు పోయింది. శెట్టి పోయినవారి ఇళ్ళకు ఏటా గింజలు పంపాల్సి వచ్చింది. పైడన్నకు చెయ్యీ మిగిలింది, మేడా మిగిలింది. తమ్ముడు మిగల్లేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం లాభం?

గంగాయి చాలాకాలం పైడన్నతో మాట్లాడలేదు.

మళ్ళీ ఏటికి నీళ్ళొచ్చాయి. మేట జరిగింది. గంగాయి రేకు నెత్తిన పెట్టుకుని మేడెక్కింది. గాడి ఖాళీగా ఉంది. మాట లేకుండా రేకు దించింది. కిటికీ దగ్గర కూర్చుని, పడవలు ఒక్కొక్కటే లోపలికి రావడం చూసింది. ఆఖరి పడవ మొగ దాటగానే లేచి రేకు బయటికి తీసింది.

పైడన్న నేల చూస్తూ అన్నాడు. "ఉండనీ గంగా. ఇప్పుడు అడిగేవాళ్ళెవరూ నేరు. పొద్దున్నే మళ్ళీ మోసుకురావాల కదా, నీకు బరువు."

గంగాయి రేకు నెత్తికెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అంది.

"అడగడానికి సమయం నేనోళ్ళు కూడా ఉంటారు బావా."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొయ్యకు తగిలించిన కడియం కాసేపు ఊగి ఆగింది.

కాబట్టి పిల్లలూ, పదిమందిదైన చోటు పని ఉన్నంతసేపే మనది. పని తీరినా విడవని పిడికిలి, ఎక్కడో కనబడనివాడి గొంతు మీద ఉంటుంది.